ప్రజాస్వామ్య దేశమై ఉండి మనం పడమటి దేశాల పక్కన ఎందుకు నిలబడలేదు?

బత్తాయి_తోట
మా చిన్నోడు జర్మనీలో ఎమ్మెస్ చేస్తున్నాడు. మొన్న ఫోన్‌లో ఒక ముచ్చట చెప్పాడు, అప్పటినుంచి నా బుర్రలో అదే తిరుగుతోంది. క్లాసులో ఒక జర్మన్ అమ్మాయి అడిగిందట, మీది ప్రపంచంలోకెల్లా పెద్ద ప్రజాస్వామ్యం అంటారు కదా, రష్యా ఉక్రెయిన్ మీద పడితే తప్పు అని ఓటెందుకు వేయలేదు అని. మావాడు "మాకు చమురు చవగ్గా కావాలి" అన్నాడట. అందరూ నవ్వారట. నాకు ఆ నవ్వూ నచ్చలేదు, వీడి జవాబూ నచ్చలేదు. 2022 మార్చి 2న ఐక్యరాజ్య సమితి సర్వసభ్య సభలో 141 దేశాలు రష్యాను తప్పుబట్టాయి, 5 దేశాలు వ్యతిరేకించాయి, 35 దేశాలు ఎటూ వేయకుండా కూర్చున్నాయి. ఆ 35లో మనం, చైనా, దక్షిణాఫ్రికా ఉన్నాం. మనమూ దక్షిణాఫ్రికా ఓట్లేసి సర్కార్లను మార్చుకునేవాళ్లం, చైనాలో ఆ సంగతే లేదు. మరి ముగ్గురం ఒక్కచోట ఎట్లా తేలాం? పాత పెద్ద దేశాలకూ ఇప్పుడు ఎదుగుతున్న దేశాలకూ విలువల్లోనే తేడా ఉందా, లేక అంతా లాభనష్టాల లెక్కేనా? తెలిసినవాళ్లు రాయండి. పార్టీల గొడవ మాత్రం తేవద్దు.

గద్వాల_జరీ
పార్టీల గొడవ తీసేస్తే ఈ గ్రూపులో ఇంకేం మిగుల్తుంది అన్నా.

కోదాడ_టు_డల్లాస్
మీవాడు నిజమే చెప్పాడు, అందులో సిగ్గుపడేదేముంది? యుద్ధానికి ముందు మనం కొనే ముడి చమురులో రష్యాది 2 శాతం కూడా లేదు, 2023 వచ్చేసరికి మూడో వంతు దాటింది. డిస్కౌంట్ ఇచ్చారు, కొన్నాం. దానికి సిద్ధాంతం రంగు పూయడం ఎందుకు? ఇక్కడ అమెరికాలోనూ ఇదే కథ. 2018లో ఇస్తాంబుల్ కాన్సులేట్‌లో ఖషోగ్గీ అనే సౌదీ జర్నలిస్టు హత్య జరిగాక, సౌదీని వెలివేస్తానని బైడెన్ ఎన్నికల ముందు గట్టిగా చెప్పాడు. 2022లో పెట్రోలు ధర మండగానే జూలైలో జెడ్డా పోయి యువరాజు పిడికిలికి పిడికిలి తాకించి వచ్చాడు. ఎవరి విలువలైనా పెట్రోల్ బంకు దాకానే.

మిర్యాలగూడ_మిల్లు
దానికి నాదొక చేర్పు. మనం కొన్న ఆ చమురే గుజరాత్ రిఫైనరీల్లో డీజిలై మళ్లీ యూరప్‌కే పోయింది. వాళ్లకు తెలియకనా? తెలిసే కొన్నారు.

గ్రూప్స్_బ్యాచ్
లెక్క ఒక్కటే అయితే బ్రెజిల్ సంగతేంటి అన్నా? రష్యా, చైనా, మనం ఉన్న బ్రిక్స్ కూటమిలో ఉండి కూడా ఆ మార్చి 2న రష్యాది తప్పని ఓటేసింది. ఆంక్షలు మాత్రం పెట్టనంది. మా నోట్సుల్లో "వ్యూహాత్మక స్వయంప్రతిపత్తి" (ఏ కూటమికీ కట్టుబడకుండా మన నిర్ణయం మనమే తీసుకోవడం) అని ఒక్క ముక్క రాసి వదిలేస్తున్నారు. మెయిన్స్‌లో ఆ ముక్కతో పేజీ ఎట్లా నింపాలి?

మిర్యాలగూడ_మిల్లు
బ్రెజిల్ సోయా పొలాలకు పడే ఎరువుల్లో పెద్ద వాటా రష్యాదే తమ్ముడూ. ఓటు ఒక చేత్తో, ఆర్డరు ఇంకో చేత్తో.

పిల్లలమర్రి_సారు
సర్వీసంతా డిగ్రీ పిల్లలకు ఇదే పాఠం చెప్పినవాణ్ని, కొంచెం పెద్దగా రాస్తాను, ఓపిక పట్టండి.

లెక్కలు లేవని ఎవరూ అనరు. లెక్కలతో మొత్తం తేలదు, అంతే. 1948 డిసెంబర్ 10న మానవ హక్కుల ప్రకటనకు 48 దేశాలు ఓటేశాయి, అందులో మనం ఉన్నాం. ఎటూ వేయని 8 దేశాల్లో సోవియట్ కూటమి, సౌదీ, తెల్లవాళ్లు ఏలుతున్న దక్షిణాఫ్రికా ఉన్నాయి. కాబట్టి హక్కులనేవి పడమటి సరుకు, మనకు అరువుకొచ్చాయి అనే వాదన మొదట్లోనే పోతుంది. ఆ దక్షిణాఫ్రికాతో 1946లోనే వ్యాపారం బంద్ పెట్టిన మొదటి దేశం మనది. తర్వాత అదే వర్ణవివక్ష సర్కారును భద్రతా మండలిలో వీటోలు వేసి కాచిందెవరు? అమెరికా, బ్రిటన్, ఫ్రాన్స్. మండేలా 1990లో జైలునుంచి వచ్చాడు, 1994లో అధ్యక్షుడయ్యాడు. అమెరికా ఉగ్రవాద నిఘా జాబితాలోంచి ఆయన పేరు పోయింది మాత్రం 2008లో. ఈ సంగతులు ఆ జర్మన్ అమ్మాయికి ఎవరూ చెప్పి ఉండరు, మన పిల్లలకూ చెప్పడం లేదు.

హక్కులు మంచివా చెడ్డవా అని ఇప్పుడు ఎవరూ కొట్లాడుకోవడం లేదు. పక్కింట్లో హక్కులు పోతుంటే గోడ దూకే అధికారం ఎవరికుంది, ఎవరు ఒప్పుకుంటే దూకాలి అనేదే తగాదా. హిట్లర్ తర్వాత యూరప్ నేర్చుకున్న పాఠం, మనిషిని పూర్తిగా సర్కారు చేతిలో వదలొద్దని. అదే ఏళ్లలో మనలాంటి దేశాలు నేర్చుకున్న పాఠం, బాగు చేస్తానని వచ్చిన బయటివాడు ఇక పోడని. చైనాతో మనం చేసుకున్న 1954 పంచశీల ఒప్పందం, ఆసియా ఆఫ్రికా దేశాల 1955 బాండుంగ్ సభ ఆ రెండో పాఠంలోంచి పుట్టినవే. రెండూ అనుభవం మీద వచ్చినవే, ఒకదాన్ని చూపించి ఇంకోదాన్ని వెక్కిరించడం నాకు నచ్చదు.

సూర్యాపేట_డాక్టర్
సారు రాసింది బాగుంది. కానీ యుద్ధం మొదలైనప్పుడు నేను ఉక్రెయిన్‌లో, ఖార్కివ్‌లో మెడిసిన్ చదువుతున్నా. మెట్రో స్టేషన్‌లో ప్లాట్‌ఫారం మీద అట్టపెట్టెలు పరుచుకుని పడుకున్నాం. పైన ఏది పేలినా దుమ్ము కళ్లల్లో పడేది, పక్కనే ఒక ముసలామె పిల్లిని కోటులో పెట్టుకుని కూర్చుని ఉండేది. మేం ఆపరేషన్ గంగలో ఇంటికి వచ్చేశాం, ఆమెకు పోవడానికి వేరే దేశం లేదు.

నా ప్రశ్న ఒక్కటే సార్. ఎదుటి దేశం సరిహద్దును గౌరవించాలి అనేది పంచశీలలో మొదటి సూత్రం. రష్యా తొక్కింది దాన్నే కదా? సార్వభౌమత్వమే మన విలువ అయితే ఆ రోజు మన ఓటు ఉక్రెయిన్‌కు పడాలి. పడలేదు. అంటే అది విలువ కాదు, అవసరం పడ్డప్పుడు తీసి చూపించే కార్డు.

గ్రూప్స్_బ్యాచ్
అక్కా, ఈ పాయింటు నేను వాడుకుంటా.

కోదాడ_టు_డల్లాస్
నేను మొదటినుంచి చెప్పేది అదే. లెక్క, లెక్క, లెక్క.

పిల్లలమర్రి_సారు
డాక్టరమ్మ అసలు ముడి పట్టుకుంది. దానికి జవాబు 1971లో ఉంది, వినండి.

తూర్పు పాకిస్తాన్‌లో ఊచకోత జరుగుతోంది, సుమారు కోటిమంది కాందిశీకులు మన గడ్డమీదికి వచ్చిపడ్డారు. డిసెంబర్‌లో మన సైన్యం పోయింది. డిసెంబర్ 7న సర్వసభ్య సభలో కాల్పులు ఆపి సైన్యాలను వెనక్కి రప్పించాలన్న తీర్మానానికి అనుకూలంగా 104 ఓట్లు, వ్యతిరేకంగా 11. మనం ఆ 11లో ఉన్నాం. ఆ రోజు పాకిస్తాన్ సార్వభౌమత్వం గురించి ఉపన్యాసం చెప్పింది ఎవరనుకున్నారు? అమెరికా, చైనా, ఇద్దరూ. నిక్సన్ ఎంటర్‌ప్రైజ్ యుద్ధనౌకను బంగాళాఖాతంలోకి పంపాడు. మండలిలో మనకోసం వీటో వేసింది సోవియట్. ఢిల్లీలో విదేశాంగ శాఖ కుర్చీలో ఏ పార్టీవాళ్లు కూర్చున్నా ఈ 104, 11 లెక్క మర్చిపోరు. 1956లో హంగరీ మీద, 1968లో చెకోస్లోవేకియా మీద, 1979లో అఫ్గానిస్తాన్ మీద సోవియట్ సైన్యం పోయినప్పుడు మనం గొంతు తగ్గించే మాట్లాడాం. దాన్ని సమర్థించడానికి ఇది చెప్పడం లేదు, ఎందుకట్లా ఉందో చెబుతున్నా.

ఆ వరసలో ఇంకొకటి. 1979లో వియత్నాం సైన్యం పోయి కంబోడియాలో పోల్‌పాట్‌ను తరిమింది. సొంత జనాన్ని లక్షల్లో చంపినవాడు పోయాడని సంతోషించాలి కదా? అమెరికా, చైనా కలిసి సమితిలో కుర్చీ ఆ పోల్‌పాట్ కూటానికే ఉంచాయి. కొత్త ప్రభుత్వాన్ని 1980లో గుర్తించిన కొద్ది దేశాల్లో మనదొకటి.

సూర్యాపేట_డాక్టర్
అంటే 1971లో మనం గోడ దూకాం, అది ఒప్పే అంటున్నాం. నేనూ ఒప్పే అంటా. అప్పుడు "గోడ దూకొద్దు" అనేది మన విలువ ఎట్లా అవుతుంది సార్?

సాగర్_కట్ట
సారు 1948 అనగానే నాకు వేరేది గుర్తొచ్చింది. అదే ఏడాది ఆగస్టులో నిజాం సర్కారు భద్రతా మండలికి ఫిర్యాదు పెట్టింది, భారతదేశం మామీద పడబోతోంది, కాపాడండి అని. నిజాం విదేశాంగ మంత్రి మొయిన్ నవాజ్ జంగ్ బృందం పారిస్ పోయింది, అప్పుడు మండలి అక్కడ కూర్చుంది. సెప్టెంబర్ 16న విచారణకు వచ్చింది, 17న ఇక్కడ నిజాం లొంగిపోయాడు, తర్వాత కేసు వాపసు తీసుకున్నామన్నారు. నిజాం వాదన సార్వభౌమత్వం. ఢిల్లీ వాదన, ఇది మా ఇంటి విషయం, బయటివాళ్లకు పనిలేదు. ఇద్దరిదీ ఒకటే పాట.

మరి మావాళ్లు? రజాకార్లు వస్తున్నారని కబురందితే నగలు వడ్ల గుమ్మిలో కప్పెట్టి ఆడవాళ్లను, పిల్లలను రాత్రికి రాత్రి బండ్లమీద మునగాల పంపేవాళ్లట. మునగాల పరగణా అప్పుడు మద్రాసు కింద ఉండేది, నిజాం పోలీసులు అందులో కాలు పెట్టేందుకు లేదు. సెప్టెంబర్‌లో సైన్యం బెజవాడ రోడ్డు మీదుగా సూర్యాపేట వస్తుంటే మా తాత, ఆయన జతగాళ్లు కుండల్లో మజ్జిగ పట్టుకుని రోడ్డెక్కారు. నిజాం సార్వభౌమత్వం ఏమైపోతుందో అని వాళ్లలో ఒక్కడూ దిగులు పడలేదు. కాబట్టి బయటి సైన్యం రావడం ఎప్పుడైనా తప్పే అనే సిద్ధాంతం నల్లగొండ జిల్లాలో చెల్లదు.

గద్వాల_జరీ
మా సంస్థానం సార్వభౌమత్వం అయితే ఎప్పుడో పేటు అంచులో పెట్టి నేసేశాం, ఇప్పుడు అడిగినా దొరకదు.

ఎర్రచొక్కా_నల్లగొండ
కట్ట అన్నా, సగం చెప్పి ఆపావు. రజాకార్ల కోసం వచ్చిన సైన్యం రజాకార్లు పోయాక వెళ్లిపోయిందా? దున్నేవాళ్లు పంచుకున్న భూముల్లోకి దొరలు మళ్లీ వచ్చింది ఆ సైన్యం వెనకే. 1951 దాకా అడవుల్లో, ఊళ్లల్లో వేట సాగింది. చైనా దారిలో పోవాలా రష్యా దారిలో పోవాలా అని మన కమ్యూనిస్టు పార్టీలో అప్పుడు పెద్ద కొట్లాట. చండ్ర రాజేశ్వరరావు, బసవపున్నయ్య, డాంగే, అజయ్ ఘోష్ రహస్యంగా మాస్కో పోయి స్టాలిన్‌నే అడిగి వచ్చారు. ఆ అక్టోబర్‌లో సాయుధ పోరాటం ఆపారు. 1952లో రావి నారాయణరెడ్డి గారికి నల్లగొండ నుంచి నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లు పడ్డాయి. పెద్ద దేశాల సిద్ధాంతాలు మన జిల్లాకు పేపర్లో చదివే సంగతులు కావు, ఇంటిమీదికే వచ్చిపోయాయి.

పాతబస్టాండ్_చాయ్
పోలీస్ చర్య తర్వాత ముస్లింల మీద జరిగింది కూడా రాయండి. నెహ్రూ పంపిన సుందర్‌లాల్ కమిటీ 27 వేలనుంచి 40 వేలమంది దాకా చనిపోయి ఉంటారని అంచనా కట్టింది. ఆ నివేదికను దశాబ్దాలపాటు తొక్కిపెట్టారు. మా నాయనమ్మ దగ్గర మజ్జిగ కథ లేదు, వేరే కథ ఉంది. ఎవరు విముక్తి చేశారు అని అడిగితే ఎవర్ని అడుగుతున్నారో కూడా చూసుకోవాలి.

సాగర్_కట్ట
ఒప్పుకుంటా భాయ్. మా ఇంట్లో ఆ సంగతి ఎవరూ మాట్లాడేవాళ్లు కాదు.

గ్రూప్స్_బ్యాచ్
మీరు చెప్పేవన్నీ వింటుంటే లిబియా కూడా ఇట్లాగే అనిపిస్తోంది. 2011 మార్చి 17న మండలి 1973వ నంబరు తీర్మానం, 10 ఓట్లు అనుకూలం, ఎటూ వేయనివి 5: బ్రెజిల్, చైనా, జర్మనీ, ఇండియా, రష్యా. పౌరులను కాపాడటానికి అని మొదలుపెట్టి గడాఫీ చచ్చేదాకా ఆపలేదు. తర్వాత ఆ దేశం రెండు ముక్కలై ఇద్దరు ముగ్గురు సేనానాయకుల చేతుల్లో పడింది. బ్రెజిల్ అదే ఏడాది నవంబర్‌లో ఒక ప్రతిపాదన పెట్టింది, కాపాడటానికి పోయేవాళ్లకూ బాధ్యత ఉండాలి, మధ్యలో మండలికి లెక్క చెప్పాలి అని. పడమటి దేశాలు పట్టించుకోలేదు.

బత్తాయి_తోట
ఆ ఐదులో జర్మనీ ఉందా? ఇది మావాడికి పంపాలి.

కోదాడ_టు_డల్లాస్
ఈ దెబ్బతో క్లాసులో మళ్లీ నవ్వుతారు, ఈసారి వేరేవాళ్లు.

మిర్యాలగూడ_మిల్లు
జర్మనీ దగ్గరికి వస్తే వ్యాక్సిన్ల ముచ్చట కూడా ఉంది. 2020 అక్టోబర్‌లో మనం, దక్షిణాఫ్రికా కలిసి కరోనా మందులు, టీకాల మీద పేటెంట్లు కొంతకాలం పక్కన పెట్టమని ప్రపంచ వాణిజ్య సంస్థ డబ్ల్యూటీవోలో అడిగాం. 2021 మేలో టీకాల వరకు అమెరికా కూడా సరే అంది. జర్మనీ అడ్డం పడింది. 2022 జూన్‌కు ఏదో చిన్న ముక్క విదిలించారు, అప్పటికి పోయేవాళ్లు పోయారు. మనిషి ప్రాణం సార్వజనీన విలువ అని పుస్తకంలో ఉంటుంది, పేటెంట్ మాత్రం కోర్టులో ఉంటుంది.

నల్లమల_పిల్ల
మిల్లు అన్నా, మరి 2023 జూలై 20న తెల్ల బియ్యం ఎగుమతి బంద్ పెట్టింది ఎవరు? ప్రపంచ బియ్యం వ్యాపారంలో 40 శాతం దాకా మనదే. అమెరికాలో మనవాళ్లు సోనామసూరి బస్తాలకు క్యూ కట్టిన వీడియోలు చూసి నవ్వుకున్నాం, కానీ అసలు దెబ్బ పడింది ఆఫ్రికాలో రోజూ అన్నం తినే పేదవాళ్లమీద. రెండు నెలలు తిరక్కముందే ఢిల్లీ జీ20లో మనం పేద దేశాల గొంతు అని బోర్డు పెట్టుకున్నాం.

మిర్యాలగూడ_మిల్లు
ఆ బంద్‌లో మేమూ మునిగాం అక్కా. బస్తాలు కుట్టి లారీ ఎక్కించాక వెనక్కి దించుకున్నవాళ్లు ఉన్నారు. ఉప్పుడు బియ్యం మీద ఆగస్టులో 20 శాతం సుంకం వేశారు. అయినా ఒకటి చెప్తా. ఇక్కడ ధర పెరిగితే ఓటేసేది మన జనం. ప్రజాస్వామ్యమంటే సర్కారు ముందు తన ఓటరుకే భయపడాలి. ఆఫ్రికావాడికి నల్లగొండలో ఓటు లేదు. అట్లాగే జర్మనీవాడు తన మందుల కంపెనీకి, తన ఓటరుకు భయపడ్డాడు. విలువలు వేరు కాదు, ఓటర్ల లిస్టు వేరు.

కోదాడ_టు_డల్లాస్
ఈ పోస్టుకు పది లైకులు కొట్టే బటన్ కావాలి.

నల్లమల_పిల్ల
నాకు నచ్చలేదు. ఓటరుకే భయపడతారనేది కూడా సగం నిజం. మాది అమ్రాబాద్ వైపు. 2008లో అణు సరఫరా దేశాల గ్రూపు అణ్వస్త్రాల వ్యాప్తిని ఆపే ఎన్‌పీటీ ఒప్పందం మీద సంతకం పెట్టని మనకు ప్రత్యేకంగా మినహాయింపు ఇచ్చింది, పెద్ద దేశాలు మనల్ని సమానంగా చూశాయని ఢిల్లీలో మిఠాయిలు పంచారు. సరిగ్గా అదే యురేనియం పేరు చెప్పి తర్వాత మా అడవిలో బోర్లు వేస్తామని వచ్చారు. చెంచుపెంటల్లో, అంటే అడవిలోని మా చెంచుల గూడేల్లో, ఎవరినైనా అడిగారా? 2019లో ఊరూరా జనం రోడ్లమీదికి వస్తేనే సెప్టెంబర్‌లో అసెంబ్లీ వద్దని తీర్మానం చేసింది. సార్వభౌమత్వం అని సారు చెప్పేది ఢిల్లీకి అమెరికా ముందు ఉండే సార్వభౌమత్వం. మా పెంటకు ఢిల్లీ ముందు ఎంత ఉంది? బయటివాడు మాట్లాడొద్దు అనే గోడ లోపలివాడి నోరు మూయడానికి కూడా పనికొస్తుంది. చైనా చేస్తున్నది అదే, మనం అప్పుడప్పుడు చేస్తున్నదీ అదే.

పిల్లలమర్రి_సారు
ఈ అమ్మాయి రాసినదానికి నేను ఎదురు చెప్పలేను, చెప్పను కూడా. ఆమె మాటకు బలమిచ్చే ఓటు ఒకటుంది. 2022 అక్టోబర్‌లో జెనీవాలోని మానవ హక్కుల మండలిలో షింజియాంగ్‌లో వీగర్ ముస్లింల పరిస్థితి మీద కనీసం చర్చ పెడదామా అని ఓటింగ్ జరిగింది. శిక్ష కాదు, ఆంక్ష కాదు, ఉత్త చర్చ. అనుకూలం 17, వ్యతిరేకం 19, ఎటూ వేయనివి 11. పాకిస్తాన్, ఇండోనేషియా, ఖతర్, ఎమిరేట్స్ చర్చ వద్దన్నాయి. మనం, బ్రెజిల్, మెక్సికో ఎటూ వేయలేదు. గల్వాన్‌లో 2020లో మన సైనికులు చనిపోయారు, అయినా చైనాను ఆ మెట్టుమీద నిలబెట్టలేదు. ఎందుకు? ఈరోజు వాళ్లమీద చర్చ పెడితే రేపు మనమీద పెడతారు.

పాతబస్టాండ్_చాయ్
ఆ ఓటింగ్‌లో ఉక్రెయిన్ కూడా ఎటూ వేయలేదు సార్. మీరది వదిలేశారు.

సూర్యాపేట_డాక్టర్
నిజమా? తర్వాతైనా ఏమన్నా అన్నారా?

పాతబస్టాండ్_చాయ్
తర్వాత తీర్మానం వైపు వస్తామన్నారు, అప్పటికే లెక్క అయిపోయింది. చైనాను దూరం చేసుకోలేని స్థితి వాళ్లది. తప్పుపట్టడం లేదు, మీద బాంబులు పడుతున్నవాళ్లు కూడా లెక్క వేసుకున్నారు అంటున్నా.

ఎర్రచొక్కా_నల్లగొండ
ఇదంతా పెట్టుబడి

నిర్వాహకుడు
దీని కింద ఉన్న ఆరు పోస్టులు తీసేశాం. ఒక పార్టీ నాయకుడి విదేశీ పర్యటన ఫొటోల మీద చర్చ వేరే చోట పెట్టుకోండి. ఎర్రచొక్కా గారి పోస్టు సగంలో తెగింది, అది మావల్ల కాదు.

ఎర్రచొక్కా_నల్లగొండ
కరెంటు పోయింది. దామరచర్లలో 4000 మెగావాట్ల ప్లాంటు పెట్టుకున్న జిల్లాలో.

గద్వాల_జరీ
😂😂 ఈ థ్రెడ్‌కు ఇదే హైలైట్.

సాగర్_కట్ట
ఆ ప్లాంటు సంగతి కూడా ఈ టాపిక్‌లోదే. బొగ్గు ఆపమని గ్లాస్గో వాతావరణ సదస్సులో మనల్ని అన్నారు. సగటున మనిషికి ఏడాదికి మన దగ్గర సుమారు 2 టన్నుల కార్బన్ డయాక్సైడ్, అమెరికాలో 14 టన్నుల పైన. ఇప్పుడు యూరప్ 2026 జనవరి నుంచి బయటినుంచి వచ్చే స్టీలు, సిమెంటు, అల్యూమినియం, ఎరువుల మీద కార్బన్ పన్ను అమల్లోకి తెచ్చింది. వాళ్లు రెండు వందల ఏళ్లు కాల్చుకున్నదానికి బిల్లు లేదు. అట్లాగని మా మామ ఊరు ప్లాంటు పక్కనే, మిద్దెమీద ఆరేసిన మిరపకాయల మీద బూడిద తుడుచుకుని లోపల పెట్టుకుంటారు, వాళ్లకు ఈ తలసరి లెక్క చెప్పి చూడండి.

కోదాడ_టు_డల్లాస్
అసలు మీరంతా పడమర అంటే ఒక్క ముద్ద అనుకుని రాస్తున్నారు, అది 2025లోనే పోయింది. ఫిబ్రవరి 24న, యుద్ధానికి మూడేళ్లు నిండిన రోజు, రష్యా వెనక్కి పోవాలనే తీర్మానం సర్వసభ్య సభలో పెడితే 93 అనుకూలం, 18 వ్యతిరేకం, 65 ఎటూ లేనివి. ఆ 18లో రష్యా, ఉత్తర కొరియా, బెలారస్, ఇంకా అమెరికా. 2022లో మనల్ని ఎందుకు ఎటూ వేయలేదని నిలదీసిన అమెరికా! మనం మళ్లీ ఎటూ వేయకుండానే కూర్చున్నాం, చైనా కూడా. ఆ ఆగస్టులోనే రష్యా చమురు కొన్నారని మనమీద అదనంగా 25 శాతం సుంకం, మొత్తం 50 శాతం. చైనా మనకంటే ఎక్కువ కొంటుంది, దానిమీద ఆ పేరుతో వేయలేదు. సెప్టెంబర్‌లో కొత్త హెచ్1బీ అప్లికేషన్‌కు లక్ష డాలర్ల ఫీజు అన్నారు. ఆ శుక్రవారం రాత్రి మా ఆఫీసు వాట్సాప్‌లో, ఇండియాలో ఉన్నవాళ్లందరూ ఆదివారంలోపు ఫ్లైట్ ఎక్కండి అని మెసేజ్. మా ఫ్రెండ్ చెల్లెలి పెళ్లి పందిట్లోంచి శంషాబాద్ పోయాడు, తీరా పోయాక పాతవాళ్లకు వర్తించదన్నారు. ఇందులో ఏ విలువ ఉందో సారే చెప్పాలి.

పిల్లలమర్రి_సారు
విలువల మాట పక్కన పెట్టినప్పుడు పెద్ద దేశం ఎట్లా ఉంటుందో అట్లా ఉంది నాయనా. కపటం మీద మనకు కోపం ఉండేది. కపటం చేసేవాడు కనీసం ఒక నియమం ఉందని ఒప్పుకుంటాడు, ఆ నియమం చూపించి వాణ్ని నిలదీయొచ్చు. వర్ణవివక్ష మీద అమెరికాను లొంగదీసింది అట్లాగే, 1986లో వాళ్ల కాంగ్రెస్సే రీగన్ వీటోను దాటి దక్షిణాఫ్రికా మీద ఆంక్షలు పెట్టింది. ఏ నియమమూ లేదన్నవాణ్ని దేంతో నిలదీస్తాం?

నల్లమల_పిల్ల
అక్కడ రీగన్ మెడ వంచింది వాళ్ల క్యాంపస్సుల్లో, చర్చిల్లో కూర్చున్న జనం సార్. 2019లో హాంకాంగ్‌లో, 2022లో టెహరాన్‌లో రోడ్డెక్కిన ఆడపిల్లలు పడమటి విలువలని ఎక్కారా? శ్రీలంకలో అదే ఏడాది జనం అధ్యక్షుడి ఇంట్లోకి పోయి ఈత కొలనులో దూకారు, వాళ్లకు ఎవరు పాఠం చెప్పారు? మీరంతా ప్రభుత్వాల ఓట్లు లెక్కపెట్టి దేశాల విలువలు అంటున్నారు.

ఎర్రచొక్కా_నల్లగొండ
నేను ఇందాక రాయబోయింది దాదాపు ఇదే, కరెంటు పోకుంటే.

గ్రూప్స్_బ్యాచ్
శ్రీలంక అంటే ఒక డౌటు. జెనీవాలో 2012, 2013లో, యుద్ధంలో తమిళులకు జరిగినదాని మీద, శ్రీలంకకు వ్యతిరేకంగా మనం ఓటేశాం కదా, 2014లో ఎటూ వేయలేదు. జోక్యం వద్దనే దేశం అక్కడ ఎందుకు వేసింది?

మిర్యాలగూడ_మిల్లు
తమిళనాడు ఎంపీలు. చెప్పానుగా, ఓటర్ల లిస్టు.

సూర్యాపేట_డాక్టర్
అది మీరు వెక్కిరింపుగా అంటున్నారు, నాకు మంచిగా కనిపిస్తోంది. తమిళ జనం అడిగారు కాబట్టి ఢిల్లీ నోరు తెరిచింది. ఉక్రెయిన్ గురించి మనలో ఎవరైనా మన ఎంపీని ఒక్కసారి అడిగామా? వేలమంది పిల్లలం అక్కడ చదివాం. తిరిగొచ్చాక మేం కూడా సీట్ల గురించి, లోన్ల గురించే ధర్నా చేశాం.

గద్వాల_జరీ
డాక్టరక్క పోస్టుకు జోకు రావట్లేదు, వదిలేస్తున్నా.

బత్తాయి_తోట
భద్రతా మండలిలో మనకు శాశ్వత సీటు వస్తే ఇదంతా మారుతుందా? టీవీల్లో ఎప్పుడూ అదే అంటారు.

గ్రూప్స్_బ్యాచ్
ఇది మాకు బట్టీయే. మనం, బ్రెజిల్, జర్మనీ, జపాన్ కలిసి జీ4. మండలి ఒక్కసారే పెరిగింది, 1965లో 11 నుంచి 15కు, అదీ శాశ్వతం కాని సీట్లే. జీ4కు అడ్డం ఇటలీ, పాకిస్తాన్ బృందం. దేశాలకు అప్పులిచ్చే ఐఎంఎఫ్‌లోనూ అంతే, పెద్ద నిర్ణయాలకు 85 శాతం ఓట్లు కావాలి, అమెరికా ఒక్కదాని దగ్గర 16 శాతం పైచిలుకు ఉంది. వాళ్లు తల ఊపకపోతే పని కాదు. 2010లో ఒప్పుకున్న కోటాల మార్పు అమెరికా కాంగ్రెస్ దగ్గర ఆగి 2016లో అమలైంది.

నల్లమల_పిల్ల
వీటో అన్యాయం అంటూనే వీటో అడుగుతున్నాం కదా. వస్తే ఎవరిమీద వాడతాం?

పిల్లలమర్రి_సారు
2005లో జీ4 ముసాయిదాలో, కొత్త శాశ్వత సభ్యులు 15 ఏళ్లు వీటో వాడరు, తర్వాత సమీక్ష అని రాశారు. అది ఓటింగ్ దాకా రాలేదు.

నల్లమల_పిల్ల
వచ్చి ఉంటే ఆ 15 ఏళ్లు 2020లోనే అయిపోయేవి సార్. మయన్మార్‌లో సైన్యం సర్కారును కూలదోసింది 2021 ఫిబ్రవరి 1న. మన చేతిలో వీటో ఉండి, చైనా చేతిలో వీటో ఉండి, ఆ జనం ఎవరి మొహం చూడాలి?

పిల్లలమర్రి_సారు
మిజోరం వాళ్లది చూడాలి. ఢిల్లీ మాట్లాడకముందే వాళ్లు కాందిశీకులకు చర్చిల్లో, బడుల్లో చోటిచ్చారు. సరిహద్దు దాటినవాళ్లను ఆపి వెనక్కి పంపమని కేంద్రం ఉత్తరం రాస్తే, అది మాకు కుదరదని అక్కడి ముఖ్యమంత్రే తిరిగి ప్రధానికి రాశాడు.